గెలిచినవాడు ఫోన్ చేయాలి

ఫుట్‌బాల్ గురించి నాకేమీ తెలియదన్న సంగతి 2003 సెప్టెంబరు దాకా నాకూ మా ఆఫీసుకూ మధ్యనే ఉండేది. ఆ నెలాఖరులో ఒక శనివారం అది దుబాయ్, షార్జా, అజ్మాన్ పాఠకులందరికీ తెలిసిపోయింది. తెలియజేసింది నేనే, నా పేరు వేసుకుని మరీ.

అప్పుడు నేను దుబాయ్‌లో ఒక ఇంగ్లిష్ దినపత్రిక క్రీడా విభాగంలో సబ్‌ఎడిటర్ని. మైదానంలో సబ్ అంటే బెంచీ మీద కూర్చుని పిలుపు కోసం చూసేవాడు. పత్రికలోనూ దాదాపు అంతే, కాకపోతే బెంచీ బదులు చక్రాల కుర్చీ ఇస్తారు. వచ్చిన వార్తను కుదించి, తప్పులు దిద్ది, శీర్షిక పెట్టి పేజీలోకి ఎక్కించడం మా పని. ఒంగోలులో తెలుగు పత్రికకు క్రికెట్ వార్తలు దిద్దుతూ దుబాయ్ చేరినవాణ్ని. నాకు తెలిసిన బంతులు మూడే: క్రికెట్ బంతి, పూల బంతి, పెళ్లి భోజనాల బంతి. వాటిలో స్వయంగా దిగి రాణించింది మూడోదానిలోనే.

మా స్పోర్ట్స్ ఎడిటర్ కురియన్ కేరళవాడు. ఫుట్‌బాల్ ఆయనకు ఆట కాదు, ఇంటిపేరు. కాలేజీల లీగ్ మొదలై మూడు వారాలైంది, ఇంతవరకు వచ్చిన ఫలితాలు చూసి ఏ జట్టు ఎక్కడిదాకా వెళ్తుందో అంచనా రాయమని ఒక శుక్రవారం నాకు పురమాయించాడు. ఆట తెలిసినవాళ్లంతా యూరప్ పేజీల మీద ఉన్నారు. 'నాకు రాదు' అనాల్సిన చోట 'ష్యూర్' అన్నాను. ఇంగ్లిష్ పత్రికలో పనిచేయడం వల్ల వచ్చే ఇబ్బందుల్లో ఇదొకటి.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. కాలేజీ మ్యాచ్‌లకు విలేకరిని పంపే స్తోమత ఏ పత్రికకూ ఉండదు. గురువారం సాయంత్రం ఆట ముగియగానే గెలిచిన కాలేజీ వాళ్లు మాకు ఫోన్ చేసి స్కోరు, గోల్స్ కొట్టినవాళ్ల పేర్లు చెప్పాలి. ఎక్కడా రాసిపెట్టి లేదు గానీ, గెలిచినవాడికి చెప్పుకోవాలని ఉంటుంది కనుక ఆ పద్ధతి చక్కగా నడిచేది. ఫోన్ రాకపోతే మ్యాచ్ వాయిదా పడిందనుకునేవాళ్లం.

షార్జాలో రోలా కూడలి దాటాక ఉన్న ఒక కాలేజీకి సంబంధించి మా దగ్గర ఒక్క ఫలితమే ఉంది: మూడో వారం సున్నాకి మూడు గోల్స్‌తో ఓటమి. మొదటి రెండు వారాలకు ఫోనే లేదు. జట్టు కుదరక వాయిదాలు వేయించుకుని, చివరికి దిగి చిత్తయిందని నేను ఊహించాను. ఒక్క ఫోన్ చేసి కనుక్కుంటే తేలిపోయేది. కానీ ఊహ అంత అందంగా కుదిరాక ఫోన్ చేసి చెడగొట్టుకోవడం ఎందుకనిపించింది. 'ఈ జట్టుకు ఈ ఏడాది ఆశలేమీ లేవు. ఆటగాళ్లు ఇప్పటినుంచే చదువు మీద దృష్టి పెట్టడం మంచిది' అని రాశాను. ఆ చివరి వాక్యం చూసి నాలో నేనే నవ్వుకున్నాను కూడా.

శనివారం అది అచ్చయింది. ఆదివారం మధ్యాహ్నం ఒకాయన పత్రిక మడిచి చంకలో పెట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ట్రాక్‌సూట్, మెడలో విజిల్. నా పేరు చూసి తెలుగువాణ్నని పసిగట్టి వచ్చాడట.

"ఏందన్నా ఇది? మనోడు రాసే రాతేనా ఇది?" అన్నాడు. "నేను ఖాదర్ బాషా, ఆ కాలేజీ కోచ్‌ని. మాది కడప. మొదటి రెండు మ్యాచ్‌లూ మేమే గెలిచినాం. మూడోది ఒక్కటే పోయింది, అది కూడా మా గోల్‌కీపర్‌కు జొరమొచ్చి."

"గెలిస్తే మరి ఫోన్ చేయలేదేం?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "గెలిచినోడు ఎట్ల చేస్తాడన్నా? మా కడపలో ఓడినోడే వచ్చి ఫలానావాళ్లు గెలిచినారని చెప్తాడు. అది మర్యాద. నేను గెలిచినా, నేను గెలిచినా అని పేపరోళ్లకు ఫోన్ చేసుకుంటే సిగ్గుగా ఉండదా?"

గెలిచిన ఈయన మర్యాద కొద్దీ చేయలేదు. ఓడినవాళ్లు మా పద్ధతి కొద్దీ చేయలేదు. ఈ రెండు మర్యాదల మధ్య రెండు గెలుపులు గల్లంతయ్యాయి.

నవ్వబోయాను గానీ బాషా ముఖంలో నవ్వు లేదు. వాళ్ల ముదీర్, అంటే డైరెక్టరు, ఆ ఉదయమే పిలిపించి నా చివరి వాక్యం చదివి వినిపించాడట. కాలేజీలో కార్లు పెట్టే చోటు చాలక ఆయన కన్ను చాలాకాలంగా మైదానం మీద ఉంది. పత్రికే చదువుకోమంటోంది కదా, ఈ వారంతో ఆట ఖలాస్, గ్రౌండు పార్కింగుకి అన్నాడు. గ్రౌండు లేకపోతే కోచ్ దేనికి? బాషా వీసా కాలేజీ మీద ఉంది, ఉద్యోగం పోతే అదీ పోతుంది.

"పిల్లోళ్లకు ఇంకా చెప్పలేదన్నా. ఈ పొద్దు కూడా ప్రాక్టీసుకు వస్తారు. ఏమని చెప్పల్ల?"

కురియన్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన నియమం నియమంలా చెప్పాడు. రాని ఫలితాలు రెండూ రేపు వేద్దాం, కానీ అంచనా అనేది అభిప్రాయం, అభిప్రాయానికి సవరణ వేయం, అది తప్పో ఒప్పో ఆటే తేలుస్తుంది. ఆపైన నావైపు చూసి, "క్యా పండిట్‌జీ, ఆజ్ బారిష్ హోగీ?" అన్నాడు. సెప్టెంబరు ఎండలో దుబాయ్‌లో వాన పడుతుందా అని అడగడం నా జోస్యానికి ఆయనిచ్చిన గౌరవం. ఆ పలకరింపు ఆ సీజనంతా నాకు తప్పలేదు.

ఒక పేజీ మూలన చిన్న అక్షరాల్లో వచ్చే రెండు స్కోర్లు ముదీర్ కంటపడవు. మరి ఏది పడుతుందా అని ఆలోచించాను. మా వృత్తిలో నాకు బాగా తెలిసిన సత్యం ఒకటే: మనిషి పత్రికలో మొదట చూసేది తన ఫొటో. ముదీర్‌కు ఫోన్ చేసి, విద్యార్థుల ఆటలకు ఊతమిస్తున్న పెద్దల గురించి ఒక ఫొటో వార్త వేస్తున్నాం, వచ్చే గురువారం మైదానంలో మీరుంటే బాగుంటుందన్నాను. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు.

ఆ గురువారం నాకు సెలవు. దుబాయ్ సత్వాలోని నా గది నుంచి బయల్దేరి, షార్జా మినీబస్సులో రోలా దాకా, అక్కడినుంచి టాక్సీలో మైదానం చేరాను. జీవితంలో పూర్తిగా చూసిన మొదటి ఫుట్‌బాల్ మ్యాచ్ అదే. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో బాషాను రెండుసార్లు అడిగాను. రెండోసారి ఆయన, "అన్నా, మీరు కొంచేపు చదువు మీద దృష్టి పెట్టండి" అన్నాడు.

ఒకటికి రెండు గోల్స్‌తో బాషా జట్టే గెలిచింది. రెండో గోల్ పడినప్పుడు తెల్లటి కందూరా అంగీలో ముదీర్ లేచి చప్పట్లు కొడుతుంటే మా ఫొటోగ్రాఫర్ క్లిక్‌మనిపించాడు. వెనక గోల్‌పోస్టు, ముందు ముదీర్. శనివారం నాలుగు కాలమ్‌ల వెడల్పున వేశాం. 'ఈ మైదానానికి అండ' అన్న అర్థం వచ్చేలా శీర్షిక పెట్టాను. ఊరంతా చూసిన ఫొటోలోని మైదానం మీద ఆ తర్వాత కార్లు నిలపడం ఎవరికైనా కష్టమే. ముదీర్ ఆ ఫొటోకి ఫ్రేము కట్టించి తన గదిలో పెట్టుకున్నాడని బాషా చెప్పాడు. పార్కింగు మాట మళ్లీ వినపడలేదు. జట్టు సెమీఫైనల్ దాకా వెళ్లి ఓడింది. బాషా ఒప్పందం ఇంకో ఏడాదికి సాగింది.

సీజన్ మొదట్లో మా బల్ల మీదికి చేరేది ఎవరు గెలిచారన్నది కాదు, ఎవరు ఫోన్ చేశారన్నది. ఆ రెండూ ఒకటే అనుకుని అంచనా రాయకూడదు. ఫోన్ రాని చోటికి మనమే చేయాలి. ఆ తర్వాత ఉద్యోగం మానేదాకా నేను పాటించిన నియమం ఇదొక్కటే.

మరుసటి సెప్టెంబరులో కురియన్ మళ్లీ అంచనా కావాలన్నాడు. ఈసారి ఆట తెలిసినవాడితో రాయిద్దామని బాషా పేరు చెప్పాను. బాషా పొంగిపోయాడు. "మీ మాదిరి కాదన్నా, చూసి రాస్తా" అన్నాడు. అజ్మాన్ కాలేజీ జట్టు అడుగున తేలుతుందని, దాని రక్షణ వరుసలో గేటు వేయడం మరిచారని రాశాడు. ఒక గురువారం ఉదయం, ఫొటోతో సహా, దాన్ని అచ్చు వేశాం. ఆ సాయంత్రం ఆయన జట్టు ఆడాల్సింది అజ్మాన్‌తోనే. రాసే హుషారులో ఆ సంగతి ఆయన మరిచిపోయాడు. నేను గుర్తు చేయలేదు.

చీకటి పడేవేళకు అజ్మాన్ కోచ్ మహా హుషారుగా ఫోన్ చేశాడు. నాలుగు సున్నా. అన్నీ రాసుకున్నాను, పేర్లతో సహా. పెట్టేసి బాషాకు ఫోన్ చేశాను.

"బాషా గారూ, ఇవాళ్టి ఫలితం కావాలి."

"అజ్మానోళ్లు చేయలేదా అన్నా?"

"గెలిచినవాళ్లు ఎలా చేస్తారండీ, సిగ్గుగా ఉండదూ? ఓడినవాళ్లే చెప్పాలి కదా, మర్యాద."

అవతల దగ్గు వినపడింది. ఆపైన, కడప మనిషి కనుక, మర్యాద తప్పకుండా ఒక్కో గోలూ చెప్పడం మొదలుపెట్టాడు. కురియన్ కూడా వినాలని ఫోన్ స్పీకర్ మీద పెట్టాను.

మూడో గోల్ దగ్గర ఆపి, "సరిగా వినపడలేదు, మొదటినుంచి చెప్తారా?" అన్నాను.