కమాను పట్టీ

ముదిగుబ్బ రోడ్డుపక్క షెడ్డులో కుళ్లాయప్ప తుప్పుపట్టిన బోల్టుకు డీజిలు పోసి, గంటసేపు బుజ్జగించినట్టు తట్టి తట్టి విప్పుతాడు. పక్కనే పనిచేసే భార్య గంగక్క ఆ ఓర్పును ఎన్నడూ చవిచూడలేదు. ఆ పొద్దు ఒక పాత కారొచ్చింది. ఏళ్ల తరబడి డిక్కీలో ఉప్పునీళ్ల డ్రమ్ములు మోసినందుకు, ఇరుసు మీద బండి బరువు ఆపే వెనక కమాను పట్టీలు తుప్పుకు పొరలు పొరలుగా రాలుతున్నాయి. అవి తీసేసి కొత్తవి బిగిస్తుంటే జాకీ జారింది. కింద కొత్త పట్టీని పట్టుకున్న గంగక్క వేళ్లు ఇరుసుకూ పట్టీకీ మధ్య నలిగినాయి. ఆమె కేక పెట్టింది. కుళ్లాయప్ప గబగబా జాకీ ఎత్తి, వంగి, పట్టీ మీది నెత్తురు గుడ్డతో తుడిచినాడు.

“కొత్తది గదే! యాడన్నా వంగిందేమో చూడు.”

గంగక్క నలిగిన చేతిని కొంగులో చుట్టుకుని, ఎడమచేత్తో పట్టీని ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమింది.

“ఏం గాలేదు,” అనింది. “బాగానే ఉండాది.”