ముప్పై ఒక్క పలకల గోడ

ఎల్బీనగర్ చౌరస్తాకు కొంత ఎడంగా, నగరం మింగగా మిగిలిన ఒక పాత ఊరిలో రాతి చర్చి ఉంది. నిజాము కాలపు కట్టడం. పిడుగు దాని గోపురాన్ని పడగొట్టింది. వానలు పైకప్పును తినివేశాయి. తొలి తెలంగాణ ఉద్యమపు రోజుల్లో ఎవరో పుణ్యాత్ములు సున్నపు గోడకు సిమెంటు పూసి, లోపలి చెమ్మకు బయటికి దారి లేకుండా చేశారు. అయినా ఇవేవీ భక్తులు చేసినంత హాని చేయలేదు. మరమ్మతు జరిగిన ప్రతిసారీ విరాళమిచ్చిన కుటుంబం తన పెద్దల పేరిట ఒక పాలరాతి పలకను తూర్పు గోడకు మేకులతో బిగించేది. అలా ముప్పై ఒకటి. బైబిల్లో యెరికో ప్రాకారం కూలడానికి బూరలు కావలసివచ్చాయి. ఈ గోడకు దాతృత్వం చాలింది.

మత్తయి మీర్‌పేట్ మేస్త్రి. తాత నేర్పిన విద్య డంగు సున్నం: సున్నాన్ని ఇసుకతో గానుగలో నూరి, బెల్లం నీరు, కరక్కాయ నీరు కలిపి పూయడం. ఆ విద్యను అడిగే నాథుడు లేక, దిల్‌సుఖ్‌నగర్ కూలీల అడ్డా మీద నిలబడి, కోచింగ్ సెంటర్ల మరుగుదొడ్లకు టైల్స్ అతికిస్తూ ఇరవై ఏళ్లు గడిపాడు. రెండువేల పదకొండులో తూర్పు గోడ కడుపుబ్బి ముందుకు వంగింది. పాస్టరు కబురు పంపగా మత్తయి పరుగున వచ్చాడు. ఒక్క గోడనైనా తాత సున్నంతో నిలబెట్టి పోవాలని అతని కోరిక.

గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన కోశాధికారి భానుమూర్తి గారు ఒప్పుకోలేదు.

"సున్నం ఏంటయ్యా, తాంబూలంలోకా? సిమెంటు లారీకి చెప్పాను. రేపొస్తుంది."

మర్నాడే సకల జనుల సమ్మె మొదలైంది. లారీ రహదారి మీద ఎక్కడో ఆగిపోయింది.

"రోడ్డు తెరిచే దాంక గోడ నాకియ్యుండ్రి సారూ," అన్నాడు మత్తయి. "లారీ ఒచ్చినంక మీ ఇష్టం, కూలగొట్టుకోండ్రి."

పాస్టరు తల ఊపాడు. మత్తయి పలకలన్నీ ఊడదీసి, పాత సిమెంటు చెక్కి, పని మొదలుపెట్టాడు. భార్య కృపమ్మ కరక్కాయలు దంచింది.

"గీ గోడ అయ్యేదాంక తెలంగాణ రావొద్దని ప్రార్థన జేస్తున్నవా ఏంది?"

"మెల్లగ మాట్లాడవే. ఎవలన్న ఇంటే నన్నే గోడల పెట్టి పూస్తరు!"

సమ్మె ముగిసింది. లారీ వచ్చి బస్తాలను వరండాలో దించింది. పూత పూర్తయింది గాని, సున్నం స్వభావతః నిదానంగా గట్టిపడుతుంది. భానుమూర్తి గారు బొటనవేలితో నొక్కితే గుంట పడింది.

"నలభై రోజులు నీళ్లు తాగించింది దీనికా? ఆదివారం ఆరాధన కాగానే కొట్టించేస్తాను."

ఆదివారం మత్తయి పలకలన్నిటినీ ఆవరణలో పరిచి, సంఘం ముందు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"సిమెంటు ఏస్త. గని పలకలు మళ్ల బిగియ్యాలె గద. బలిపీఠం పక్కన ముందుగాల ఎవరి తాత పేరు పెట్టమంటరు?"

"మా తాతది. గంట ఇచ్చిండు," అన్నాడు శాంసన్.

"అది మోగిందెన్నడు?" అంది గ్రేస్. "పగిలినది ఇచ్చి పేరు చెక్కించుకున్నరు!"

"మా నాన్నగారి పలక కొత్తది, అదే ముందుండాలి," అన్నారు భానుమూర్తి గారు.

"నిన్నమొన్న ఒచ్చి పీఠం పక్కకేనా? గందుకే గద ఉద్యమం!" అని వెనుక నుంచి ఎవరో అరిచారు.

తమలో ఎవరు గొప్ప అని యేసు శిష్యులే వాదులాడుకున్నారు. ఈ సంఘం వారిని అవలీలగా మించింది. తీర్మానం కానిదే గోడను ముట్టరాదని పాస్టరు కట్టడి చేశాడు. వాదం క్రిస్మసు దాటింది. ఈలోగా ఒక అకాల వానకు వరండాలోని సిమెంటు బస్తాలు చెమ్మ పట్టి బండలయ్యాయి. భానుమూర్తి గారు వాటి మీదనే కూర్చుని తండ్రి తరఫున వాదిస్తున్నారు.

మత్తయి పిడికిలితో గోడను కొట్టి చూశాడు. రాయిలా పలికింది. తాపీ సంచిలో వేసుకుని, అడ్డాకు వెళ్లే బస్సెక్కాడు.