మా పెరట్లో మందు కూరిన రివాల్వర్

మా అమ్మ టెక్సస్‌లో మేముండే ప్లేనోకి వచ్చిన రెండో నెలలో, సూట్‌కేసు కోసం క్లోజెట్ పై అరలో వెతుకుతూ ఒక చెక్కపెట్టె దించింది. నేను వంటింట్లో ఉన్నాను. "బిడ్డా, ఒక్కసారి ఇటు రా" అని పిలిచింది. వెళ్ళేసరికి పెట్టె మంచం మీద తెరిచి ఉంది. అమ్మ గోడకి ఆనుకుని నిలబడింది. మా పాప మంచమెక్కి పెట్టెలోకి తొంగిచూస్తోంది.

అందులో ఉన్నది మా ఆయన రివాల్వర్. ఆయన ఆఫీసులో ఒక అమెరికన్, వారాంతాల్లో అమెరికా అంతర్యుద్ధం నాటి సైనికుల వేషం కట్టి ఆనాటి పోరాటాలను మైదానాల్లో నటించి చూపే బృందంలో ఉండేవాడు. అతని వెంట కొన్నాళ్ళు తిరిగిన మోజులో మా ఆయన దాన్ని సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. నిజంగా ఆ కాలానిది కాదు, దానికి నకలు. ఇప్పటి తుపాకుల్లా తూటాలు పెట్టరు. గుండ్రంగా తిరిగే భాగంలో ఆరు గదులుంటాయి. ముందు నుంచి ఒక్కో గదిలో తుపాకిమందు పోసి, సీసపు గుండు కూరి, వెనక చిన్న రాగి టోపీ తొడగాలి. ట్రిగ్గర్ నొక్కితే సుత్తిలాంటి భాగం ఆ టోపీ మీద పడి పేలుతుంది. పెట్టెలో రాగి మందుబుడ్డి, గుండ్ల సంచి, గుండ్లు పోతపోసే అచ్చు, టోపీల డబ్బా, తోలు ఒర, అన్నీ పక్కపక్కనే అమర్చి ఉన్నాయి. ఇంట్లో అది ఉందని నాకు తెలుసు. అలంకారపు సామాను అనుకునేదాన్ని.

అమ్మ అలా అనుకోలేదు. నా చిన్నప్పుడు మా ఊరికి తుపాకులు రెండు వైపుల నుంచి వచ్చేవి. అడవి వైపు నుంచి కొందరు తెచ్చేవాళ్ళు, జీపుల్లో కొందరు తెచ్చేవాళ్ళు. ఇద్దరికీ అమ్మే అన్నం వండిపెట్టింది. వాళ్ళకెందుకు పెట్టావని ఇద్దరూ అమ్మనే అడిగారు.

"గది ఇంట్ల ఉన్నన్ని దినాలు నాకు ముద్ద దిగది. తీసెయ్యిండ్రి" అంది.

మా ఆయన ప్రాజెక్టు పని మీద కాలిఫోర్నియాలో ఉన్నాడు. ఫోన్ చేస్తే నవ్వాడు. "పాతకాలపు రకం కదా, లీగల్‌గా అది గన్ కూడా కాదు తెలుసా? సరే, అత్తయ్య భయపడుతుంటే అమ్మేద్దాం. ఫొటోలు తీసి పోస్ట్ చెయ్యి" అని, పాత ఆయుధాలు ఇష్టపడేవాళ్ళ వెబ్‌సైట్ ఒకటి చెప్పాడు.

పెట్టిన మర్నాడే ఒకాయన రాశాడు. డాలస్ అవతల హైస్కూల్లో చరిత్ర చెప్పే మాస్టారట. ఆరు గదులున్న భాగాన్ని ముందువైపు నుంచి ఒక ఫొటో తీసి పంపగలరా అని మర్యాదగా అడిగాడు. రివాల్వర్‌ని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, ఫ్లాష్ వేసి తీశాను. ఫొటోలో ఒక గది నల్లగా, ఖాళీగా ఉంది. మిగతా ఐదింటిలో బూడిదరంగులో గుండ్రంగా ఏదో కనిపించింది. దుమ్ము పట్టిందనుకుని అలాగే పంపించాను.

వెంటనే ఫోన్ మోగింది.

"దయచేసి దాన్ని ఇంక ముట్టుకోకండి" అన్నాడాయన. చాలా నెమ్మదిగా మాట్లాడుతున్నాడు. "అవి గుండ్లు. అది లోడ్ చేసి ఉంది. వెనక రాగి టోపీలు కూడా ఉన్నాయా? దూరం నుంచే చూసి చెప్పండి."

వంగి చూశాను. ఉన్నాయి. తలెత్తితే గొట్టం తిరిగి ఉన్న వైపు సోఫా, సోఫాలో కార్టూన్లు చూస్తూ పాప. పాపని ఎత్తుకుని అవతలి గదిలోకి పరిగెత్తాను.

మా ఆయనకి చెప్తే ఈసారి నవ్వలేదు. గుర్తు చేసుకుని అన్నాడు: "పాప పుట్టకముందు ఫ్రెండ్ ఫామ్‌కి టార్గెట్ షూటింగ్‌కి వెళ్ళాం కదా. లోడ్ చేశాక వాన వచ్చింది. తడుస్తుందని పెట్టెలో పెట్టేశా. తర్వాత తీద్దామని..."

"పాప ఆ పెట్టె పక్కన కూర్చుంది" అన్నాను.

పోలీసుల్ని పిలుద్దామంటే మా ఆయన వద్దన్నాడు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది, ఇంట్లో లోడెడ్ రివాల్వర్ అని ఎక్కడైనా రికార్డ్ అయితే ఏమవుతుందో అన్నాడు. నాకూ ఆ భయం ఉంది. కానీ టేబుల్ మీద ఉన్నదాని భయం అంతకన్నా పెద్దది. మళ్ళీ మాస్టారికే ఫోన్ చేశాను. ఆదివారం చర్చి అయ్యాక వచ్చి ఖాళీ చేసి, తనే కొనుక్కుని తీసుకెళ్తానన్నాడు. ఫోన్ పెట్టేయబోతూ ఆగాడు.

"ఒక సంగతి ముందే చెప్పాలి. నేను నల్లజాతివాణ్ణి. మీ వీధిలో నన్నెవరూ ఎరగరు. అక్కడ నేను చేతిలో రివాల్వర్ పట్టుకుని..."

పోలీసులు నల్లవాళ్ళని కాల్చేశారంటూ ఆ ఏడాది టీవీలో చూస్తున్న వార్తలన్నీ గుర్తొచ్చాయి. ఆయన కూడా భయపడుతున్నాడని అప్పుడు తెలిసింది.

ఆదివారం దాకా డైనింగ్ హాల్లోకి ఎవరూ వెళ్ళలేదు. అమ్మ గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

మాస్టారు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, టై. బెల్ కొట్టి, వెనక్కి నడిచి, తలుపుకి దూరంగా చేతులు కనబడేలా నిలబడ్డాడు. గరాజ్‌లో చేద్దామంటే వద్దన్నాడు. తలుపు తెరిస్తే వీధిలోకి కనిపిస్తుంది, మూస్తే మగవాళ్ళు లేని మా ఇంట్లో, మూసిన గదిలో ఆయన ఉన్నట్టవుతుంది. చివరికి పెరడు అనుకున్నాం. చుట్టూ చెక్క ఫెన్స్ ఉంది.

ఆయన టేబుల్ మీది రివాల్వర్‌ని జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, గొట్టం ఎటు ఉందో చూపించి, పెట్టెను నన్నే పెరట్లోకి మోయమన్నాడు. మోశాను.

ఆయన గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గొట్టాన్ని ఖాళీ పూలమడి వైపు వంచి, ఒక్కో టోపీని గోటితో మెల్లగా లాగి నీళ్ళ గిన్నెలో వేస్తున్నాడు. రెండు తీశాడో లేదో, ఫెన్స్ పైన మా పక్కింటాయన తల కనిపించింది. రిటైరైన తెల్లాయన, అటువైపు నిచ్చెనెక్కి చూరు కింది వాననీటి కాలవ శుభ్రం చేసుకుంటున్నాడు.

"అంతా బాగానే ఉందా?" అని అడిగాడు, నన్ను చూసి.

మాస్టారు రివాల్వర్‌ని గడ్డి మీద పెట్టేశాడు. రెండు అరచేతులూ తొడల మీద ఆనించి, తల తిప్పకుండా ఉండిపోయాడు. ఆయన మెడ మీద చెమట నాకు కనిపిస్తోంది.

"మా ఫ్రెండ్. మా ఆయన పాత వస్తువు ఒకటి రిపేర్ చేస్తున్నారు" అన్నాను.

"మీ ఆయన ఇంట్లో ఉన్నాడా?"

జవాబు వెతుక్కుంటుండగా అద్దాల తలుపు తెరుచుకుంది. పాప, దాని చెయ్యి పట్టుకుని అమ్మ. "అంకుల్ ఏం చేస్తుండు, అమ్మమ్మా?" అంది పాప తన అమెరికా యాసలో. అమ్మ దాన్ని లోపలే ఉంచి తలుపు మూసింది. చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పెరట్లోకి నడిచి, మాస్టారి పక్కన గడ్డిలో చతికిలబడింది. రివాల్వర్ ఆమె మోకాలికి జానెడు దూరంలో ఉంది.

"అమ్మా, లే. అది పేలుతది" అన్నాను.

"తెలుసు. ఈయన పని కానియ్యి. పక్కన ముసలిది కూసుంటే ఎవరు మాత్రం ఏం చేస్తరు?"

పక్కింటాయన కాసేపు చూశాడు. మెల్లగా నిచ్చెన దిగాడు. వాళ్ళ తలుపు మూసిన చప్పుడు వినిపించింది. లోపలికి వెళ్ళింది ఫోన్ చేయడానికేనా? మేం ముగ్గురం వీధి వైపు చెవులు పెట్టాం. ఒక కారు వచ్చి, దాటిపోయింది. మా అమ్మ మాటలు మాస్టారికి అర్థం కాలేదు, కానీ ఆమె వైపు ఒకసారి తల వంచి, మళ్ళీ పని మొదలుపెట్టాడు.

టోపీలన్నీ వచ్చాక, లోపలి మందు అంటుకోకుండా గదుల్లో నూనె పోశాడు. గుండ్లు తన ఇంటి దగ్గర బయటికి తీస్తానని, ఇప్పుడిది పేలే అవకాశం లేదని చెప్పాడు. నా చేతికి డబ్బు కవరు ఇచ్చి, పెట్టెను కారు డిక్కీలో కూడా నన్నే పెట్టమన్నాడు. పెట్టాను. ఇల్లు చేరగానే మెసేజ్ చేస్తానని ఆయన అనలేదు. నేనే అడిగాను.

మధ్యాహ్నం అన్నం వడ్డించినా అమ్మ ముట్టుకోలేదు. "ఆయన ఇల్లు చేరిండా?" అని అడుగుతూనే ఉంది. హైవే మీద ఎవరైనా ఆపితే, డిక్కీ తెరవమంటే, ఆయన ఏమని చెప్తాడు, చెప్పనిస్తారా అని నేను ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చాలాసేపటికి మెసేజ్ వచ్చింది. ఇల్లు చేరాను, మీ అమ్మగారికి కృతజ్ఞతలు, అని. చదివి వినిపించాక అమ్మ కంచం దగ్గరికి లాక్కుంది.

వారం తర్వాత మెయిల్‌బాక్స్ దగ్గర పక్కింటాయన కలిశాడు. "ఆ రోజు మీ గురించి కంగారుపడ్డాను" అన్నాడు. నిజంగానే అన్నాడు, ముఖంలో తెలుస్తోంది.

"నేనూ భయపడ్డాను" అన్నాను. దేనికి భయపడ్డానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.