జూకి మాకంటే ముందు బయల్దేరిన సంచి

ఉద్యోగంలో చేరిన కొత్తలో, కాగితం మీద రాసుకుంటే ఏ పనైనా అయిపోతుందని నాకు గట్టి నమ్మకం. ఆఫీసులో నా పనల్లా మీటింగులకు వేళలు రాయడమే కాబట్టి, ఇంట్లో అందరికీ వేళలు రాసే హక్కు కూడా వచ్చేసిందనుకునేదాన్ని. (ఇంట్లో ఎవరూ అలా అనుకోవడం లేదని చాలా ఆలస్యంగా తెలిసింది.) ఆ రోజుల్లోనే నిజామాబాద్ నుంచి మా అక్క, ఐదేళ్ల కూతురు చిట్టిని తీసుకుని చిక్కడపల్లిలోని మా ఇంటికి వచ్చింది. వచ్చిన రోజే నేను చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, "నీకు జూల ఏనుగును చూపిస్త" అని మాట ఇచ్చాను. నాకు సెలవు దొరికింది శనివారం. ఆ సాయంత్రం ఐదింటి బస్సుకే వాళ్ల తిరుగు ప్రయాణం. అంటే నా మాట నిలబెట్టుకోవడానికి ఉన్నది ఆ ఒక్క పూటే.

శుక్రవారం సాయంత్రం నా కాగితం చదివి వినిపించాను. తొమ్మిదింపావుకు బయల్దేరడం, పదిన్నరకు ఏనుగు, పదకొండుకు పులి. "పదిన్నరకు వస్తున్నమని ఏనుగుకు చెప్పినవా?" అన్నాడు నాన్న. నారాయణగూడ దాకా నడిచి బస్సెక్కుదామని ఆయన, ఆటోనే నయమని అక్క. అది తేలకముందే నాయనమ్మ క్యాలెండర్ ముందు నిలబడి, "తొమ్మిదింటికెల్లి పదిన్నర దాంక రాహుకాలం. గప్పుడు గడప ఎట్ల దాటుతరు?" అంది. ఇంకా ముందే వెళ్దామంటే చిట్టి లేవదు, పదిన్నర దాటాక వెళ్దామంటే అప్పటికి వర్జ్యం వస్తుంది. చివరికి నాయనమ్మే దారి చెప్పింది. ప్రస్థానం పెడదామంది. మంచి వేళకు ఒక సంచి పక్కింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. మనుషులు తర్వాత తీరిగ్గా వెళ్లి, ఆ సంచి పట్టుకుని సాగిపోవచ్చు. నేను కాగితంలో "8:30 – సంచి బయల్దేరును" అని చేర్చాను.

పక్కింట్లో ఒక టీచరమ్మ ఒంటరిగా ఉండేది. అశోక్‌నగర్‌లో ఏదో కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెప్పేది. సరిగ్గా ఎనిమిదిన్నరకు నాయనమ్మ పులిహోర డబ్బా, నీళ్ల సీసా, చిట్టి టోపీ ఉన్న సంచిని ఆమెకిచ్చి, "టీచరమ్మా, మేం జూకు పోతున్నం. ఇది జర ఉండనీ" అని చెప్పింది. (ప్రస్థానం పెట్టేటప్పుడు నిజంగా వెళ్తున్నట్టే చెప్పాలని నాయనమ్మ పట్టుదల.) తొమ్మిదింపావుకు మేమంతా చెప్పులేసుకుని వెళ్తే పక్కింటికి తాళం. కిటికీ ఊచల్లోంచి చూస్తే మా సంచి కుర్చీలో దర్జాగా కూర్చుని ఉంది. ఫోన్ చేస్తే టీచరమ్మ ఎత్తలేదు.

"ఇడిసిపెట్టి పోదాం. పులిహోర లేకుంటే బతకమా?" అన్నాడు నాన్న. నాయనమ్మ ఒప్పుకోలేదు. "సంచి బయల్దేరింది, మనం ఇంక బయల్దేరలే. ఇప్పుడు దాన్ని ఇడిసిపెట్టి పోతే, రాహుకాలంల కొత్తగ బయల్దేరినట్టయితది." ఈ మాటలో ఎక్కడో తప్పుందని నాకు అప్పుడే తెలుసు. ఎక్కడుందో ఇప్పటికీ పట్టుకోలేకపోతున్నాను.

తాళంచెవి కోసం నేను అశోక్‌నగర్ పరుగెత్తాను. అక్కడ సందుకు పది కోచింగ్ సెంటర్లు, మా టీచరమ్మది ఏదో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మూడో చోట కౌంటర్ దగ్గరున్నతను నేను నోరు విప్పేలోపే చేతిలో అడ్మిషన్ ఫారం పెట్టి, "ఏ గ్రూప్ అక్కా?" అన్నాడు. "నాకు గ్రూప్ వద్దన్నా, తాళంచెవి కావాలె" అన్నాను. అతను నన్ను కూర్చోమని చెప్పి మంచినీళ్లు తెప్పించాడు. ఆరో చోట మేడమ్ ఆచూకీ దొరికింది గానీ, మేడమ్ దొరకలేదు. నారాయణగూడ బ్రాంచికి వెళ్లిందన్నారు. అక్కడికి వెళ్తే "ఇప్పుడే పోయింది" అన్నారు. అప్పటికే ఒంటిగంట.

ఉసూరుమంటూ తిరిగొచ్చేసరికి మావాళ్లంతా ఆ కిటికీ దగ్గరే ఉన్నారు. దారిన పోయేవాళ్లు ఇద్దరు ఆగి, ఏముందా అని లోపలికి తొంగిచూస్తున్నారు. చిట్టి చేతులు చాపి, "పిన్నీ, నాగ్గూడ చూపియ్యి" అంది. ఎత్తుకుని చూపించాను. ఊచలు పట్టుకుని చాలాసేపు చూసి, "అది బయటికి ఎప్పుడొస్తది?" అని అడిగింది.

రెండున్నరకు టీచరమ్మ వచ్చి మమ్మల్ని చూసి కంగారుపడింది. "మీరు జూకు పోయిన్రు గద. మీరొచ్చే దాంక సంచి భద్రంగ ఉంటదని తాళమేసి పోయిన" అంది. అప్పుడు బయల్దేరినా జూ దాకా వెళ్లి వచ్చేసరికే బస్సు వేళవుతుంది. ఆమె మెట్ల మీదే కూర్చుని పులిహోర తిన్నాం. ఐదింటి బస్సులోంచి చిట్టి నవ్వుతూ చెయ్యూపింది. నేను ఇంటికొచ్చి, బాత్రూంలో గొళ్లెం పెట్టుకుని ఏడ్చాను. చిన్నపిల్లకిచ్చిన మాట తప్పానన్న బాధ చాలాకాలం నన్ను వదల్లేదు.

చిట్టి ఇప్పుడు నారాయణగూడలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. పోయిన నెల స్నేహితురాళ్లతో మా ఇంటికొచ్చింది. వాళ్లేదో జూ మాట ఎత్తితే, "నేను చిన్నప్పుడే చూసిన. మా పిన్నే తీస్కపోయింది. నన్ను ఎత్తుకుని ఊచల కాడ ఎంతసేపు నిలబడ్డదో. ఏనుగు మాత్రం బయటికి రాలే" అంది, ఎంతో ప్రేమగా. టీ కప్పులు పట్టుకుని నేను గుమ్మంలోనే ఆగిపోయాను. ఆనాడు గొళ్లెం పెట్టుకుని ఏడ్చిన ఆ ఇరవై రెండేళ్ల పిల్లకు ఎవరైనా వెళ్లి ఈ మాట చెబితే ఎంత బాగుండుననిపించింది.

"అవునే, ఆ రోజు దానికి ఒంట్లో బాగలేకుండె" అని, కప్పులు వాళ్ల ముందు పెట్టాను.