గోలుకి ముందర

వెనకాల అనే మాటను ఆ ప్రయాణం తర్వాత నేను ఆచితూచి వాడుతున్నాను.

చోడవరంలో బస్సెక్కి, నిలబడే ఫోన్లో ఫుట్‌బాల్ చూస్తున్నాను. ఆట బూట్లు భుజాన వేలాడేసుకున్న ఒకావిడ తొంగిచూసి, "ఆ కోచ్ ఎవరండీ?" అంది.

"స్పెయిన్ ఆయన. ఒకప్పుడు డిఫెండరు. వెనకాల ఆడేవాడు."

ఆవిడ కళ్ళెర్రజేసింది. "వెనకాలేటండీ? గోలుకి ముందర నిలబడ్డాడు! నేనూ డిఫెండర్నే. వెనకాల ఆడినదానివి, బడి గుంటలకేటి నేర్పుతావని ఇప్పుడే నన్ను కోచ్‌గా వద్దన్నారు. ఆయనకి సూడండి, టీమే అప్పగించేరు!"

గోవాడ స్టాపులో జనం ఎగబడ్డారు. "ఆడోళ్ళంతా వెనక్కి జరగండి!" కండక్టర్ కసిరాడు.

"జరగను," అందావిడ, కడ్డీ గట్టిగా పట్టుకుని.

నాకూ ఒళ్ళు మండింది. నేనూ ఆడదాన్నే. కదల్లేదు.