మంచుదేశానికి మాబు కుట్టిన కోటు

చలి ఎరగని ఊళ్ళో చలి కాచే సరుకు కుట్టి బతకడం మాబుకే చెల్లింది. బందరులో చలికాలమంటే ధనుర్మాసంలో నాలుగు తెల్లవారుజాములు, అంతే. ఆ నాలుగింటినీ నమ్ముకుని, దూది ఏకే విల్లు భుజాన వేసుకుని, ముప్పై ఐదేళ్ళుగా వీధి వీధీ తిరిగి పరుపులూ దిండ్లూ రజాయిలూ కుట్టాడు. మాట తక్కువ మనిషి. "ఆయన బదులు ఆ విల్లే మాట్లాడుతుంది" అని భార్య ఆమినా బీ దెప్పేది.

ఉప్పెన వచ్చి వెళ్ళిన మరుసటేడు, దసరా దాటాక, అనసూయమ్మ దగ్గర్నుంచి కబురొచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి ఆ వేసవిలోనే రిటైరైన టీచరు. చిన్నప్పుడే భర్త పోయాడు. పక్కింట్లో తమ్ముడు శోభనాద్రి, కోర్టు గుమాస్తా. ఆవిడ పడుకునే పరుపు మాబు కుట్టిందే.

వెళ్ళేసరికి బల్ల నిండా అట్లాసు పరిచి ఉంది.

"రా మాబూ. ఇంగ్రిడ్ గుర్తుందా?"

గుర్తు లేకేం. దివిసీమలో వైద్యం చెయ్యడానికి నార్వే నుంచి వచ్చి, ఆరు నెలలు ఈ ఇంటి ముందు గదిలోనే ఉన్న నర్సు. ఆ అమ్మాయే ఉత్తరం రాసింది. జనవరిలో మా ఊరు రండి, టిక్కెట్టు నేను పంపుతాను, మంచు మీద కుక్కలు లాగే బండి ఎక్కిస్తాను అని.

అనసూయమ్మ నోటుపుస్తకం తెరిచి ఏ రోజు ఏం చెయ్యాలో చదివింది. మొదటి రోజు విశ్రాంతి. రెండో రోజు కుక్కల బండి, ఎత్తు వస్తే దిగి నెట్టాలట. నాలుగో రోజు దుప్పులు మందలుగా ఉండే చోటు. ఆరో రోజు గడ్డ కట్టిన చెరువుకి కన్నం పెట్టి ఎవరో చేపలు పడుతుంటే చూడ్డం, చూడ్డం మాత్రమే. చదువుతుంటే ఆవిడ గొంతు పదేళ్ళ పిల్ల గొంతులా ఉంది.

"ఆ నెలలో చాలా రోజులు అక్కడ సూర్యుడు రాడు మాబూ."

"మరి నమాజు వేళ ఎలా తెలుస్తుందమ్మా వాళ్ళకి?"

"గడియారం ఉందిగా!" అని నవ్వి, అసలు సంగతి చెప్పింది. అక్కడ చలికి జంతువుల తోలు కోట్లు వేసుకుంటారు. ఆవిడ తోలు ఒంటికి తగలనివ్వదు. స్వెట్టర్ల పైన వేసుకోవడానికి దూది కోటు కావాలి.

అరుగు మీద నుంచి శోభనాద్రి అందుకున్నాడు. "గుడివాడ దాటితే జలుబు చేసే మనిషి, మంచులో కుక్కల బండెక్కుతుందట! ఒరే మాబూ, నువ్వు అబద్ధం ఆడవని నాకు తెలుసు. ఆ కోటు చలికి ఆగుతుందని నీ నోటితో చెప్పు, పంపిస్తాను. లేదంటే లేదు."

అలా ఒక మనిషి ముప్పై ఏళ్ళ ఆశ మాబు నాలిక చివర వచ్చి కూర్చుంది.

నెల రోజులు కష్టపడ్డాడు. పత్తి ఏకి, మబ్బు తునకలా చేసి, మూడు వరసలు పరిచి కుట్టాడు. పెడన నుంచి తెచ్చిన నీలం అద్దకం గుడ్డ పైన వేశాడు. చూడముచ్చటగా ఉంది. కానీ తను చూడని చలికి మాట ఇవ్వడమెలా? గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే జానీ దగ్గరికి వెళ్ళాడు. చేపల కోసం ఐసు దిమ్మలు దాచే గది ఒకటి ఉంది అక్కడ.

ఆడవాళ్ళ కోటు తొడుక్కుని ఐసు గదిలో కూర్చున్న మాబుని చూసి రేవులో జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. గంట గడిచింది. ఒళ్ళు వెచ్చగానే ఉంది. మీసం కింద చిన్నగా నవ్వుకున్నాడు. అప్పుడు టీచరమ్మ మాట గుర్తొచ్చింది, ఎత్తు వచ్చినప్పుడు దిగి బండిని నెట్టాలని. సరే అని జానీతో కలిసి దిమ్మలు మోశాడు. చెమట పట్టింది. మళ్ళీ కూర్చున్నాడు.

పావుగంటలో వీపు మీద చల్లటి తడి గోనె కప్పినట్టయింది. పత్తి చెమటంతా పీల్చి ముద్ద కట్టింది. పళ్ళు టకటకలాడుతూ, ఎవరి కంటా పడకుండా బయటికొచ్చాడు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఊరుకుంటే ఎవరికీ తెలియదు, జానీ కూడా వెచ్చగానే ఉందనుకున్నాడు. చెబితే ప్రయాణం ఆగిపోతుంది. మాబు ఆ రోజు అన్నం సగంలో వదిలేశాడు. ఆమినా బీ అడిగితే చెప్పాడు. ఆవిడ చెయ్యి కడుక్కుంటూ, "ఆ తల్లి అక్కడ వణికిపోతే మనకి ఇక్కడ నిద్ర పడుతుందా?" అంది. అంతే.

మర్నాడు కోటు బల్ల మీద పెట్టి, "ఇది పనికిరాదమ్మా" అన్నాడు.

అనసూయమ్మ నెమ్మదిగా నోటుపుస్తకం మూసి అట్లాసు మీద పెట్టింది. ఆ నెమ్మదే మాబుని చంపేసింది. తిట్టినా బాగుండేది.

"అయితే ఇంక ఆ ఊసు వద్దు" అన్నాడు శోభనాద్రి, లోపల సంతోషమే.

"ఎనిమిది రోజులు ఆగండి బాబుగారూ" అని మాత్రం అనగలిగాడు మాబు.

ఆగమన్నాడు గానీ దారి తెలియదు. మూడు రోజులు ఇంటి ముందు ఊరికే కూర్చున్నాడు. నాలుగో రోజు ఆమినా బీ మూలనున్న పాత దిండు దులుపుతుంటే ఒక్కసారిగా ఉప్పెన నాటి వీధి కళ్ళ ముందుకొచ్చింది. నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు పత్తి రజాయిలన్నీ రాళ్ళలా మునిగిపోయాయి. బూరుగు దూది దిండ్లు మాత్రం బాతుల్లా తేలుతూ వీధిలోకి పోయాయి. రెండు రోజుల తర్వాత ఒకటి పట్టుకుని కోసి చూస్తే లోపల దూది పొడిగానే ఉంది!

బూరుగు దూది తడి పీల్చదు. తలగడలకి తప్ప దేనికీ వాడరు, అసలు విల్లుకి లొంగదు, గాలికెగిరి ముక్కుల్లో దూరుతుంది. మామూలు గుడ్డలోంచి బయటికి వచ్చేస్తుంది. అందుకని కొత్త కోటుకి రేవు నుంచి తెరచాప గుడ్డ తెచ్చి, చిన్న చిన్న గళ్ళుగా కుట్టి, గడికి ఇంత చొప్పున చేత్తోనే కూరాడు. భార్యాభర్తలిద్దరూ తుమ్ముతూనే కుట్టారు.

ఎనిమిదో రోజు ఐసు గదికి శోభనాద్రి కూడా వచ్చాడు. మాబు దిమ్మలు మోశాడు, చెమట కార్చాడు, గంటన్నర కూర్చున్నాడు. శాలువా కప్పుకుని గుమ్మంలోనే గజగజలాడుతున్న శోభనాద్రి చివరికి కోటు లోపలికి చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా, పొయ్యి పక్క గోడలా ఉంది.

"ఆగుతుందండీ" అన్నాడు మాబు.

శోభనాద్రి సాయంత్రం అక్కయ్య దగ్గరికి వెళ్ళి, "స్వెట్టర్లు రెండు ఎక్కువే పెట్టుకో" అన్నాడు. అనుమతి ఇవ్వడం ఆయనకి అలాగే వచ్చు.

ఆవిడ వెళ్ళిన ఇరవై రోజులూ మాబు మనిషి మనిషిలో లేడు. మాట ఇచ్చింది తను. ఏ పని మీద అటు వెళ్ళినా ఐసు గది తలుపు తీయించి, ముఖం లోపల పెట్టి, కాసేపు నిలబడి వచ్చేవాడు. భయమేసేది. అంతకు ముందెప్పుడూ తను కుట్టిన వస్తువు గురించి భయపడలేదు.

తిరిగి వచ్చిందని తెలియగానే పరుగున వెళ్ళాడు. అనసూయమ్మ చెప్పుకుపోయింది. బండి కట్టేదాకా కుక్కలు చెవులు చిల్లులు పడేలా అరుస్తాయట, కదలగానే గప్‌చిప్ అట. మిట్టమధ్యాహ్నం నక్షత్రాలట. తోలు కోట్లవాళ్ళు కూడా ఈ కోటు పట్టుకు చూశారట. మాబు అన్నీ విని, ఒక్కటే అడిగాడు.

"ఎక్కడైనా చలేసిందా అమ్మా? నిజం చెప్పండి."

ఆవిడ తటపటాయించింది. "బండి జోరు మీద ఉన్నప్పుడు మెడ దగ్గర కొంచెం గాలి దూరింది. కొంచెమే. మఫ్లర్ చుట్టుకున్నాను."

మాబు ముఖం మాడిపోయింది. "ఐసు గదిలో చలి ఉంది గానీ గాలి లేదు. నాకు తోచనేలేదు" అని, కోటు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇప్పుడెందుకు మాబూ? మళ్ళీ ఎప్పుడు వెళ్తానని?"

మాబు వినిపించుకోలేదు. వారం తర్వాత, ఎండ చురచురలాడుతున్న మధ్యాహ్నం, చెవుల దాకా లేచే కాలరు కుట్టి తెచ్చాడు. ఆయన తృప్తి కోసం అనసూయమ్మ అరుగు మీదే నిలబడి తొడుక్కుంది. కాలరు పైకెత్తుకుంది. నుదుటి మీద చెమట కారుతున్నా తీయలేదు. కళ్ళు మూసుకుని అలాగే చాలాసేపు నిలబడింది.

"ఇప్పుడు గాలి దూరదు" అంది. తర్వాత లోపలి బల్ల వైపు చూపిస్తూ, "ఆ అట్లాసు ఇలా తీసుకురా మాబూ" అంది.