ఓడలో రెండో సీటు

మా బెర్హంపూర్ బడా బజార్‌లో పాత గోదాముల గురించి దెయ్యాల కథలకి కొదవ లేదు. మా గోదాము గురించీ ఒకటి ఉంది. కాలేజీ రోజుల్లో నేను పంతానికి పోయి, రెండు నెలలు రోజూ మధ్యాహ్నం భోజనమయ్యాక అందులోనే కునుకు తీశాను. ఒకరోజు లేచి చూస్తే పందికొక్కు నా చెప్పు కొరికేసింది. జరిగిందల్లా అదే. అప్పటి నుంచి ఎవరైనా దెయ్యం అంటే నేను పందికొక్కు అంటాను.

అలాంటివాణ్ణి ఈ సంగతి రాయడానికి కూర్చున్నందుకు నాకే కొంచెం సిగ్గుగా ఉంది. అయినా రాస్తున్నాను. చదివినవాళ్లలో ఎవరికైనా కారణం తడితే చెబుతారని ఆశ.

మాది బెర్హంపూర్‌లో పప్పులు, మిరపకాయల హోల్‌సేల్ షాపు. తాత కాలం నుంచీ ఇక్కడే. షాపు కట్టేశాక, సెలవు రోజుల్లోనూ నేను కంప్యూటర్లో అంతరిక్షం ఆట ఆడతాను. అందులో కాల్పులు తక్కువ. ఓడని ఎంచుకోవాలి, దానికి ఇంజను, ఇంధనం ట్యాంకు, ఆక్సిజన్ ట్యాంకు, సరుకు అరలు ఒక్కొక్కటీ ఏరి అమర్చుకోవాలి, నక్షత్రాల మధ్య తిరగాలి. ప్రపంచం నలుమూలల నుంచీ మనుషులు ఒకేసారి ఆడుతుంటారు. మనం కంప్యూటర్ కట్టేసినా ఆ ప్రపంచం ఆగదు, మన ఓడ దాని దారిన అది పోతూనే ఉంటుంది. మా ఆవిడ పద్మ దీన్ని రెండో కాపురం అంటుంది.

ఢిల్లేసు నాకు ఆ ఆటలోనే కలిశాడు. ఇంధనం అయిపోయి ఎక్కడో మూల పడి ఉంటే సాయానికి వచ్చాడు. మొదటి అరగంట ఇద్దరం ఒడియాలో మాట్లాడుకున్నాం. అతని ఓడ నా ఓడకి రాసుకునేసరికి "ఓలమ్మో" అన్నాడు, తెలుగువాడని తెలిసిపోయింది. ఆ తర్వాత ఊరు అడిగితే సోనేపూర్ అన్నాడు. మా షాపు నుంచి బండి మీద గంట లోపే. అంత దగ్గరి మనిషిని పలకరించడానికి నేను అన్ని నక్షత్రాలు దాటి వెళ్లాల్సి వచ్చిందని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

ఢిల్లేసుది సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం. తనూ గుజరాత్ బోట్ల మీద ఆరేళ్లు పనిచేసి వచ్చాడు. ఓడల్ని అమర్చడంలో అతని చెయ్యి వేరు. నేను ఏ ఓడని చూసినా ముందు ఎన్ని సరుకు అరలున్నాయో లెక్కపెట్టేవాణ్ణి. షాపులో సరుకు లేని ఖాళీ గోడ కనబడితే మా నాన్నకి నచ్చదు, ఆ బుద్ధే నాకూ వచ్చింది. ఢిల్లేసు నవ్వేవాడు.

"సావుకారూ, ఎంత మోస్తాదని అడక్కు. మజ్జిలో ఆగిపోతే ఏటవుద్దో అది సూడు" అనేవాడు.

అతనికి ఇంకో అలవాటు ఉంది. ఒక్క మనిషి నడిపే ఓడైనా సరే, అందులో రెండో సీటు బిగించేవాడు. ఆ సీటు ఒక సరుకు అరంత చోటు తినేస్తుంది. ఎవరూ కూర్చోరు. ఎందుకురా ఈ దండగ అని అడిగితే వాళ్ల తాత సంగతి చెప్పాడు. ఆయన తెప్ప మీద ఎంతమంది వెళ్లినా తెడ్లు మాత్రం ఒకటి ఎక్కువ వేసుకునేవాడట. దారిలో నీళ్లలో ఎవరైనా దొరికితే, వాళ్ల కోసం.

"నీళ్లలోంచి తీసిన మడిసికి ముందు తెడ్డియ్యాల. సేతిలో పనుంటే బయం పోద్ది" అన్నాడు. వాళ్లింట్లో ఇప్పటికీ ఆ లెక్క తప్పరు. మిగతా ఊరు నవ్వుతుందట.

నేనూ నవ్వాను. పోయిన ఏడు నేనొక పెద్ద యాత్రకి బయలుదేరాను. ఎవరూ చూడని మూలకి వెళ్లి, కొత్త గ్రహాలు వెతికి రావడం. వెళ్లిరావడానికి నాలుగు నెలలు పడుతుంది. మొదట కనుగొన్నవాళ్లు గ్రహానికి పేరు పెట్టుకోవచ్చు. అయితే తిరిగొచ్చి ఏదైనా స్టేషన్‌లో ఓడ దింపి, వివరాలు నమోదు చేస్తేనే ఆ పేరు నిలుస్తుంది. దారిలో ఓడ పోతే అన్నీ పోతాయి.

నా ఓడని ఢిల్లేసే అమర్చిపెట్టాడు, నా పాస్‌వర్డ్ అతని దగ్గర ఉండేది. బయలుదేరే ముందు నేను అతనికి చెప్పకుండా ఆ రెండో సీటు పీకేసి, దాని చోట విడిభాగాల కోసం ఇంకో సరుకు అర పెట్టుకున్నాను. ఖాళీ చోటు చూస్తే చెయ్యి ఊరుకోదు కదా. అమరిక అంతా స్క్రీన్‌షాట్ తీసి ఫోన్లో దాచుకున్నాను. ఈ స్క్రీన్‌షాట్ సంగతి గుర్తుంచుకోండి.

మూడో నెలలో నాకొక గ్రహం దొరికింది. ముదురు నీలం, చుట్టూ సన్నటి వలయం. మా అమ్మ పండగలకి కట్టుకునే బెర్హంపూర్ పట్టుచీర అంచులా ఉంది ఆ వలయం. అమ్మ పోయి అప్పటికి రెండేళ్లు. ఏమీ ఆలోచించకుండా సుభద్ర అని అమ్మ పేరు టైపు చేశాను. పద్మని పిలిచి చూపించాను. ఆటంటే విసుక్కునే మనిషి కుర్చీ లాక్కుని చాలాసేపు చూసింది. దాన్నీ స్క్రీన్‌షాట్ తీశాను.

ఇక అసలు రోజు. మా షాపు సెలవు. ఓడ ఇంటిముఖం పట్టి ముందురోజు సాయంత్రం నుంచి ఆటోపైలట్ మీద వస్తోంది. ఆ రోజు మధ్యాహ్నం మూడుకల్లా స్టేషన్ చేరుతుంది. పొద్దున్న పదింటికి టిఫిన్ చేసి కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

ఆక్సిజన్ ముల్లు ఉండాల్సిన చోట లేదు. బాగా కిందికి ఉంది. ట్యాంకు కారుతోందేమోనని ఓడ అమరిక తెరిచాను. విడిభాగాల అర ఉండాల్సిన చోట రెండో సీటు ఉంది. సీటు ఖాళీగా ఉంటే దాని బొమ్మ బూడిద రంగులో ఉంటుంది, మనిషి ఉంటే ఆకుపచ్చగా మారుతుంది. ఆకుపచ్చగా ఉంది. పైన సిబ్బంది: ఇద్దరు అని ఉంది.

నాకు భయం వెయ్యలేదు, కోపం వచ్చింది. ఢిల్లేసు నా పాస్‌వర్డ్‌తో వచ్చి ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. అయితే సీటు బిగించాలంటే ఓడ స్టేషన్‌లో ఉండాలి, నడిమధ్యలో కుదరదు. ఎలా చేశాడా అని వింత పడ్డాను. ఆక్సిజన్ చిట్టా తెరిచి చూశాను. తెల్లవారుజామున సుమారు ఐదు దాకా ఒక మనిషి వాడకమే. అక్కడి నుంచి సరిగ్గా రెండింతలు. ఇలాగైతే మధ్యాహ్నం మూడు లోపే ఊపిరి అయిపోతుంది. ఆ సీటుని ఓడ నుంచి వదిలేస్తే మాత్రం హాయిగా స్టేషన్ చేరతాను. దానికో మీట ఉంది.

మీట మీదకి వెళ్లే ముందు, నాలుగు తిడదామని ఢిల్లేసుకి ఫోన్ చేశాను. అతని భార్య నీలమ్మ ఎత్తింది. ఉప్పునీళ్లకి పాడవుతుందని అతను ఫోన్ ఇంట్లో వదిలి వెళ్తాడు.

"తెల్లారకముందే ఎల్లిపోనాడు అన్నియ్యా. జోడీ మడిసికి జొరమని ఒక్కడే సిన్న తెప్ప ఏసుకుని ఎల్లినాడు. తొమ్మిదికల్లా ఒచ్చీవోడు, ఇంకా రాలేదు. మొగ కాడ కెరటాలు బాగులేవంతన్నారు."

నేను కంప్యూటర్ అలాగే వదిలేసి, దేన్నీ ముట్టుకోవద్దని పద్మకి చెప్పి, బండి తీశాను. ఆ సీటుకీ ఢిల్లేసుకీ సంబంధం ఉందని నేను అప్పుడు అనుకోలేదు. స్నేహితుడు కనబడకపోతే వెళ్తాం కదా, అలా వెళ్లాను.

సోనేపూర్ ఒడ్డున జనం గుంపులుగా నిలబడి బాహుదా నది సముద్రంలో కలిసే మొగ వైపు చూస్తున్నారు. రెండు బోట్లు వెతకడానికి వెళ్లాయి. ఒంటిగంట అయింది, రెండయింది. నీలమ్మ ఇసుకలో కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. ఎండ మాడ్చేస్తోంది.

రెండున్నర ప్రాంతంలో పద్మ ఫోన్ చేసింది.

"ఏటండీ, ఎర్రలైటు కొట్టుకుంతంది. ఇద్దరికి గాలి సాలదంట. రెండో సీటు ఒదిలీమంటారా అని అడుగుతంది. అవును, కాదు, రెండున్నాయి. ఏది నొక్కీది?"

నాలుగు నెలల ప్రయాణం గుర్తురాలేదు. ఆ నీలం గ్రహం గుర్తొచ్చింది. ఎదురుగా సముద్రం ఖాళీగా ఉంది. ఆ సీటులో మనిషెవరూ లేరని నాకు తెలుసు, అదంతా బొమ్మల ఆట అని తెలుసు. అయినా నీలమ్మ పక్కన నిలబడి, వదిలెయ్యి అనే మాట నా నోట రాలేదు.

"ఏదీ నొక్కకు" అన్నాను.

"అత్తియ్య పేరు పోద్ది కదండీ."

"పోనీ పద్మా. ఆ సీటు ఉండనీ."

ఆమె సరే అని ఫోన్ పెట్టేసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయని ఒప్పుకుంటాను. అమ్మని రెండోసారి సాగనంపినట్టు అనిపించింది. మూడవడానికి పది నిమిషాలుందనగా ఓడ పోయిందని పద్మ మెసేజ్ పెట్టింది.

మూడున్నర దాటాక ఒడ్డున అరుపులు మొదలయ్యాయి. దక్షిణం వైపు ఊళ్లోని బోటు ఒకటి ఢిల్లేసుని తెచ్చింది. పెదాలు పగిలి, ఒళ్లంతా ఉప్పు పేరుకుని ఉన్నాడు కానీ బతికే ఉన్నాడు. తెప్ప తిరగబడి కొట్టుకుపోయిందట. తన తెడ్డు కెరటం లాక్కుపోయిందట. ఒక్కడే వెళ్లినా లెక్క ప్రకారం వేసుకున్న రెండో తెడ్డుంది చూశారూ, అది దొరికితే దాన్ని పట్టుకుని తేలాడు. బోటువాళ్లు పైకి లాగినా ఆ తెడ్డు వదల్లేదు. ఒడ్డున నీలమ్మే వేళ్లు ఒక్కొక్కటీ విప్పింది.

వేళలు అచ్చంగా సరిపోయాయని నేను అబద్ధం చెప్పను. తెప్ప ఎప్పుడు తిరగబడిందో అతనికి తెలియదు, ఎండెక్కాకే అంటాడు. మరి ఓడలో ఆక్సిజన్ ఐదింటి నుంచే రెండింతలైంది. అతను ఒడ్డు వదిలింది ఆ వేళకే కావచ్చు, కాకపోవచ్చు. ఇంట్లో ఎవరూ గడియారం చూడలేదు.

అతను కోలుకున్నాక సీటు సంగతి అడిగాను. నేను దాన్ని పీకేసిన సంగతే తనకి తెలియదని, నా ఓడని అసలు ముట్టుకోలేదని గంగమ్మ తల్లి మీద ఒట్టేశాడు. పీకేసినందుకు మాత్రం గట్టిగా తిట్టాడు. ఆట కంపెనీకి రాశాను. ఆ సీటు మొదటి నుంచీ మీ ఓడలోనే ఉంది, మీరు తీసినట్టు మా దగ్గర నమోదు లేదు అని జవాబు వచ్చింది. నా స్క్రీన్‌షాట్‌లో సీటు లేదు. విడిభాగాల అర ఉంది. అది పంపితే మళ్లీ జవాబు రాలేదు. లెక్కలు చూసే సర్వర్‌లో ఏదో తప్పు జరిగిందని నాకు నేను చెప్పుకున్నాను. కొన్నాళ్లు అది సరిపోయింది.

ఢిల్లేసుకి మాత్రం మా అమ్మ పేరు పోయిందన్న బాధ పట్టుకుంది. పద్మ చెప్పిందట. మళ్లీ వెళ్దాం, ఈలోగా ఇంకెవడూ దాన్ని చూడకుండా ఉంటే చాలు అన్నాడు. ఇద్దరు నడిపే ఓడ ఎంచుకుని తనే అమర్చాడు. ఇద్దరికి మూడు సీట్లు పెట్టాడు. ఈసారి నేను నోరెత్తలేదు.

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్న ఆ నీలం గ్రహం దగ్గరికి చేరాం. ఢిల్లేసు మా ఇంటికే వచ్చి నా పక్కన కూర్చున్నాడు, పద్మ వెనక నిలబడింది. పేరు పెట్టే పెట్టె తెరవబోతే తెరుచుకోలేదు. ఆ గ్రహానికి అప్పటికే పేరు ఉంది.

సుభద్ర.

మొదట కనుగొన్నది అన్నచోట నా పేరే ఉంది. నమోదు కాని పేరు అక్కడ ఎలా ఉందో తెలియదు. పద్మ చేతులు జోడించింది. కింద ఇంకో వరస ఉంటే ఢిల్లేసే ముందు చదివాడు. కనుగొన్న రోజు ఓడలో సిబ్బంది: ఇద్దరు.

అది ఢిల్లేసు తెప్ప తిరగబడిన రోజు కన్నా నెల రోజుల ముందు సంగతి. అప్పుడు ఢిల్లేసు ఒడ్డునే ఉన్నాడు, ఓడలో రెండో సీటు లేదు. ఫోన్ తీసి ఆనాటి స్క్రీన్‌షాట్ చూశాను. సిబ్బంది: ఒకరు అని స్పష్టంగా ఉంది.

ఢిల్లేసు తెర మీది ఆ వరసని వేలితో చూపించాడు. తర్వాత మెల్లిగా అడిగాడు. "సావుకారూ, ఇక్కడికి నువ్వొక్కడివే ఒచ్చీసేవా?"

ఒక్కడినే వచ్చాను అన్నాను. ఇది ఏ పందికొక్కు పనో నాకు ఇంకా అంతుపట్టలేదు. ఇప్పుడు ఎవరడిగినా ఒక్కడినే వెళ్లానని చెబుతాను. కానీ ఆ మాట అనేటప్పుడల్లా, పక్కన ఎవరైనా చిన్నబుచ్చుకుంటారేమోనని గొంతు తగ్గించి అంటున్నాను.